బావిలోకి దిగిన ఐదో పిల్ల

2084 నాటికి విశాఖలో సినిమా హాళ్లున్నాయి గానీ వాటిలో తెరలు లేవు. నుదుటికి పలచటి పట్టీ కట్టుకుని కూర్చుంటే ఎవరి బొమ్మ వాళ్లకి లోపలే ఆడుతుంది. ఆ పట్టీ పేరు వీక్షకతూలిక. అది కథ జోలికి పోదు. పాత్రల మొహాలను మాత్రం చూసేవాళ్ల మెదడులోంచే తీసి గీస్తుంది.

దాన్ని కనిపెట్టింది డాక్టర్ చామంతి. యానిమే అనే జపాన్ బొమ్మల సినిమాల్లో మంత్రశక్తులున్న ఆడపిల్లలందరూ పాలల్లో ముంచి తీసినట్టే ఎందుకుండాలని ఆమెకు చిన్నప్పటి నుంచీ కడుపుమంట. ఏ పిల్ల చూస్తే ఆ పిల్లే నాయిక కావాలని ఇరవయ్యేళ్లు కష్టపడింది. పదకొండేళ్ల కూతురు మువ్వకి మాట కూడా ఇచ్చింది: "ఈసారి మంత్రదండం పట్టేది నీలాంటి పిల్లేనే."

తొలి సినిమాకి చీకటి కథ ఎంచుకున్నారు. ఐదుగురు మంత్రబాలికలు ఒక నగరాన్ని కాపాడతారు, చివర్లో ఒకరు బావిలోకి దిగి ఆహుతైపోవాలి. ఎవరన్నది మాత్రం రచయిత రాయకుండా తూలికకే వదిలేశాడు. బాధ మరీ ఎక్కువైతే జనం పట్టీ పీకేసి లేచిపోతారు కనుక, ఏ పిల్ల పోతే చూసేవారి మనసు తక్కువ నొచ్చుకుంటుందో తూలికే పసిగట్టి ఆ పిల్లను పంపుతుంది.

పరీక్ష ప్రదర్శన వెయ్యి మంది చూశారు. వాళ్లలో చామంతీ, మువ్వా ఉన్నారు. మర్నాడు పొద్దున్న ప్రయోగశాలలో చామంతి తూలికనే ఫలితాలడిగింది.

"ఎనిమిది వందల తొంభై మంది, ఐదుగురిలో నల్లపిల్లనే బావిలోకి పంపారు" అంది తూలిక.

చామంతికి ఒళ్లు మండిపోయింది. "సిగ్గులేని జనం! నోటితో మాత్రం అందరూ సమానమేనంటారు. ఆ పేర్లియ్యి, ఒక్కొక్కళ్లనీ కడిగేస్తాను."

"ఆ జాబితాలో మీ పేరు కూడా ఉంది, డాక్టర్."

చామంతి నవ్వేసింది. "నీకేటైనా పిచ్చా? నేనూ నలుపే, నా కూతురూ నలుపే."

 తూలిక ఆమె చూసిన సినిమానే గోడమీద ఆడించింది. నాయిక మల్లెపువ్వులా ఉంది. బావి మెట్లు దిగుతున్న ఐదో పిల్ల నల్లటి బుగ్గమీద శనగపిండి ఎండి అంటుకుంది. తోమీ తోమీ మెడ కందిపోయింది.

ఆ పిల్ల మువ్వ. రోజూ స్నానానికి ముందు "కాస్త రంగు తేలితే నా బంగారానికి తిరుగేటి" అంటూ ఆ మెడ తోమేది చామంతే. ఇన్నాళ్లూ అది ప్రేమే అనుకుంది. గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు. ఆ సామెతలో కూడా తప్పు నలుపుదే! ఊరినంతా కడగడానికి బయల్దేరిన మనిషికి ఇప్పుడు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఆపెయ్" అంది కళ్లు తుడుచుకుంటూ. అప్పటికే మువ్వ గుమ్మంలో నిలబడి ఉంది.

"చూసీసేవేటే?"

మువ్వ తలూపింది. దగ్గరకొచ్చి, పెద్దదానిలా తల్లి వీపు నిమిరింది.

"ఏడవకమ్మా. నీకు చెప్పలేదు గానీ, నా సినిమాలో కూడా నేనే దిగీసేను. మిగతా నలుగురూ తెల్లగా, ఎంత బాగున్నారో! వాళ్లు బతకాలి కదా."