ముసురులో తిరిగిన ఫ్యాన్

గురువారం ఉదయం 11.20. నాలుగు రోజులుగా విడవని ముసురు.

యూనివర్సిటీ రెండో అంతస్తు. వృక్షశాస్త్రం గదిలో ఒక బల్ల ఖాళీగా ఉంది.

సోమవారం సాయంత్రం ఆరింటి దాకా దాని మీద మొక్కల ప్రెస్ ఉంది. రెండు చెక్క చట్రాలు, వాటి మధ్య పాత పేపర్ల మడతల్లో నలభై రెండు మొక్కలు, పైన బిగించిన బెల్టులు. మంగళవారం 9.10కి అది లేదు.

విజిలెన్స్ ఆఫీసర్ బల్ల చుట్టూ తిరిగింది. ఇరవై ఆరేళ్లు పోలీసు ఉద్యోగం చేసిన మనిషి. మూగవాడి చేత కూడా నిజం కక్కించగలదని పేరు.

"తాళం?"

"పగల్లేదు మేడమ్," అంది రీసెర్చ్ స్కాలర్.

"తాళంచెవులు ఎన్ని?"

"మూడు. నాది, అటెండర్ బాబాయిది, హెడ్ సార్‌ది."

"మొక్కలు దొరక్కపోతే?"

"ఇవాళ మూడింటికి రివ్యూ కమిటీ. చూపించకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. వాగులోకి ఫ్యాక్టరీ మురుగు వదిలే గొట్టానికి ఎగువన పెరిగిన ఆకులు శుభ్రంగా ఉన్నాయి. దిగువన పెరిగిన వాటికే మచ్చలు. ఆ నీళ్లు నాలుగు ఊళ్లు తాగుతున్నాయి. మళ్లీ తెద్దామంటే వాగు పొంగింది, ఒడ్డే లేదు."

ఆమె చేతిలో ఒక కాగితం ఉంది. 'నా అజాగ్రత్త వల్ల నమూనాలు పోయినవి.'

"హెడ్ సార్ సంతకం పెట్టమన్నారు. పెట్టను."

"పెడితే?"

"ఇంకో టాపిక్ ఇస్తారట. నాకొద్దు. నేను పోగొట్టలేదు. ఎవరో తీశారు."

ఆఫీసర్ ఆమెను మరోసారి చూసింది. పిట్ట మనిషి. మాట మాత్రం వణకడం లేదు.

అటెండర్ తన సంచీ తనే బోర్లించి చూపించాడు.

"ఏది పోయినా ముందు నా సంచీయే కదమ్మా వెతుకుతారు. చూస్కోండి. గొడుగు, టిఫిన్ డబ్బా, మా ఆవిడ తిట్లు."

"సోమవారం ఎన్నింటికి వెళ్లారు?"

"ఆరూ పదికి. గదికి తాళం నేనే వేశా. అప్పటికి ప్రెస్ ఉంది."

"తర్వాత ఎవరున్నారు?"

"హెడ్ సారు, పక్క గది చరిత్ర మేడమ్."

చరిత్ర ప్రాజెక్టు చేస్తున్నావిడ ముక్కు మీద కోపంతోనే వచ్చింది.

"గొడవ పడ్డ మాట నిజమే. నా దగ్గర రెండొందల ఏళ్ల నాటి ఉత్తరాలున్నాయి. పక్కనే తడి మొక్కలు పెడితే బూజు పట్టదా? అంతమాత్రాన గడ్డి దొంగతనం చేస్తానా? నేనేం గేదెనా?"

12.40. హెడ్ గది.

ఆయన మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు. రెండుసార్లు తుమ్మాడు. తల మీద ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. గోడ వారగా పరిచిన పాత పేపర్లు, పుస్తకాల బరువు కింద రెపరెపలాడుతున్నాయి.

"చలిగా లేదా సార్?"

"గాలాడకపోతే నాకు ఊపిరాడదు. ఈపాటికి ఆ మొక్కలు నల్లగా కుళ్లి ఉంటాయి. దొరికినా చెత్తే. ఆ పిల్లకి నచ్చజెప్పండి."

2.15. అందర్నీ ఆ గదికే పిలిచింది ఆఫీసర్.

"దొంగకి మొక్కలు మాయం కావాలి. కిటికీలోంచి వానలోకి విసిరేస్తే పని అయిపోయేది. విసరలేదు." స్కాలర్ వైపు తిరిగింది. "ప్రెస్‌లో పచ్చి మొక్కలుంటే రోజూ ఏం చెయ్యాలి?"

"తడి పేపర్లు తీసి పొడివి పెట్టాలి. లేకపోతే బూజు."

"తీసినవి?"

"ఆరబెట్టి మళ్లీ వాడతాం."

"ఎండ లేకపోతే ఎలా ఆరతాయి?"

అందరి తలలూ ఒక్కసారే పైకి లేచాయి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

ఆఫీసర్ గోడ వార నుంచి ఒక పేపర్ ఎత్తింది. వార్తల మీద ఆకు ఆకారంలో పచ్చటి తడి మరక.

"అటెండర్‌కి ఈ పని రాదు. చరిత్ర మేడమ్‌కి అక్కర్లేదు. బీరువా తీస్తారా సార్?"

ప్రెస్ బీరువాలోనే ఉంది. నలభై రెండు మొక్కలు. ఒక్కదానికీ బూజు లేదు.

హెడ్ మఫ్లర్ విప్పి బల్ల మీద పెట్టాడు.

"ముప్పై ఏళ్లలో ఒక్క మొక్కనీ కుళ్లనివ్వలేదు. పారేద్దామనుకున్నా. చెయ్యి రాలేదు."

"ఎందుకు తీశారు?"

"ఎనిమిదేళ్ల కిందట ఆ వాగు మీద రిపోర్టు రాసింది నేను. మచ్చలు పురుగు వల్ల అన్నాను. గొట్టం దాకా నడిచి కూడా చూళ్లేదు." స్కాలర్ వైపు చూశాడు. "ఎక్కడో పెట్టి మర్చిపోయానని చెప్పమ్మా. నీ డిగ్రీకి నాది పూచీ."

"నేనేదీ మర్చిపోలేదు సార్."

ప్రెస్‌ను బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బయటికి నడిచింది.

"నా రిపోర్టు రేపటికి గానీ రాదు," అంది ఆఫీసర్ వెనక నుంచి.

"నేను ఇవాళే చెప్తాను మేడమ్."

3.00. కమిటీ హాలు. రివ్యూ సంగతి తెలిసి వాగు పక్క ఊళ్ల వాళ్లు పాతిక మంది వచ్చారు. తడిసిన గొడుగులతో వరండాలో నిలబడ్డారు.

"తలుపు వెయ్యండి," అన్నాడు చైర్మన్.

స్కాలర్ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టింది.

"వెయ్యొద్దండి. ఇది జనం కట్టిన పన్నులతో జరిగిన పని. వాళ్లకీ వినబడాలి."

"ఇది పద్ధతి కాదమ్మా!"

"కాదండి," అని ఆమె బెల్టులు విప్పింది. మొదటి మొక్కను రెండు చేతులతో పైకెత్తి వరండా వైపు తిరిగింది.

"దీన్ని మూడు రోజులు ఎవరు దాచారో ముందు చెప్తాను. దీనికి మచ్చలు ఎక్కడి నుంచి వచ్చాయో తర్వాత చెప్తాను."