తమ్ముడి దగ్గర రిపేరు

ఉదయం ఎనిమిదింటికల్లా ఆ ఇంట్లో రెండు కూతలు వినిపించేవి. ఒకటి కుక్కరుది, రెండోది ఇంటాయనది. ఆ రోజు ఇంటాయనదే ముందు వినిపించింది.

"బ్రేకు తొక్కితే కాలు నేలదాకా పోతోంది. నిన్న గేటుకి గుద్దేసేవాణ్ణి. ఇదేనా మీ తమ్ముడు మొన్న బాగుచేసిన బండి?"

"మొన్నేంటండీ, ఎనిమిది నెలలైంది," అంది ఆమె టిఫిను డబ్బా మూత బిగిస్తూ.

"ఎప్పుడైతేనేం. సగం డబ్బుకి సగం పనే కదా చేసేది!"

ముందుగదిలో కుర్చీలో ఉన్న అత్తగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ నవ్వింది. "ఆ అబ్బాయిని ఎందుకురా ఆడిపోసుకుంటావు? ముసలి బండికి ముసలి రోగాలు రావూ? నాకు రాలేదూ?"

"సాయంత్రానికల్లా చేయించుకొస్తాను," అంది ఆమె. "నా తమ్ముడు నేనడిగితే కాదనడు."

ఆ మాట ఆ ఇంట్లో ఆమెకి ఉన్న ఒకే ఒక్క ఆస్తి. తల్లి పోయేనాటికి ఆమెకి పద్నాలుగేళ్లు, తమ్ముడికి ఆరు. వాణ్ణి చంకనేసుకుని పెంచింది. తరవాత బ్యాంకు ఉద్యోగి ఇంటికి కోడలైంది. ఇస్త్రీ చొక్కాల ఆ ఇంట్లో, గోళ్లలో గ్రీజు ఉన్న తమ్ముడంటే అందరికీ చిన్నచూపే. ఆ చిన్నచూపుకి ఆమె ఒక విరుగుడు కనిపెట్టింది. ఎవరి కారు మొరాయించినా "మావాడికి చెప్తాలెండి, సగానికే చేస్తాడు" అనేది. భర్త మేనేజరు బండి, పక్కింటివాళ్ల బండి, ఆడపడుచు మరిది బండి, అన్నీ తమ్ముడి షెడ్డుకే పంపేది. అలా అన్న ప్రతిసారీ ఆమె తల ఒక అంగుళం పైకి లేచేది. ఆ అంగుళం ఎవరి నడుము వంచితే వచ్చిందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

కారు మెల్లగా నడుపుకుంటూ పది గంటలకి షెడ్డుకి చేరింది. రేకుల కప్పు కింద నాలుగు కార్లు ఇరుకిరుగ్గా నిలబడి ఉన్నాయి. తమ్ముడు బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ పోసి, పెడల్ తొక్కి చూసి, మళ్లీ వంగి చూశాడు.

"అక్కా, మాస్టర్ సిలిండర్ పోయింది. ఆయిల్ లోపల్లోపలే కారిపోతోంది. కొత్తది వెయ్యాలి. పార్టు రావడానికి రెండు రోజులు పడుతుంది. బండి ఇక్కడే వదిలెయ్."

"రెండు రోజులా? మీ బావకి సాయంత్రానికి ఇస్తానన్నాను. పాతదే ఏదో సర్దెయ్."

"బ్రేకులతో సర్దుబాట్లేంటక్కా! ఇప్పుడు ఆయిల్ పోశాను కాబట్టి నాలుగు రోజులు బాగానే ఉన్నట్టుంటుంది. ఆ తరవాత ఎక్కడో ఓ చోట చెయ్యిస్తుంది."

"అంతా నీ వ్యాపారం మాటలు."

అతను నవ్వలేదు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "వ్యాపారమా? ఈ నాలుగు బండ్లలో మూడు నువ్వు పంపినవే. వీటి మీద నాకు మిగిలేది నడుం నొప్పి ఒక్కటే. అయినా చేస్తున్నాను కదా. పార్టు డబ్బులు మాత్రం ఈసారి ముందే ఇవ్వక్కా. అరువుకి ఇచ్చేవాడు ఇక ఇవ్వనన్నాడు."

టాక్సీ డ్రైవరు ఒకడు తన బండి కోసం బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పరాయివాడి ముందు తమ్ముడు డబ్బడిగాడని ఆమెకి ఒళ్లు మండింది. అప్పుడే మరదలు మంచినీళ్లు తెచ్చి, "నిజమే వదినా, ఈ నెల చాలా ఇబ్బందిగా ఉంది," అంది మెల్లగా.

"ఏం ఇబ్బంది? పిల్లా పీచూ లేని కొంపలో ఖర్చేముంటుంది?"

మరదలి చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. తమ్ముడు ఒక్క క్షణం అక్క ముఖంలోకి చూసి, వెళ్లి పక్క కారు కిందికి దూరాడు. కిందనుంచే అన్నాడు: "బండి మాత్రం తియ్యొద్దు."

ఆమె మేకుకి వేలాడుతున్న తాళం తీసుకుంది. మరదలు "వదినా, వద్దు" అంటూ గుమ్మందాకా పరుగెత్తింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. దారి పొడుగునా బ్రేకు చక్కగా పడింది. చూశావా, అంతా బెదిరింపే, అనుకుంది.

సాయంత్రం భర్త "ఏమన్నాడు?" అని అడిగాడు. నిజం చెప్తే రేపు భోజనాల బల్ల దగ్గర అదే కథ, ఎల్లుండి ఫోనులో ఆడపడుచుతో అదే కథ. "చేసేశాడు," అంది. భర్త బండి తీసి వీధి చివరిదాకా వెళ్లొచ్చి, "పర్లేదే!" అన్నాడు. పదిహేనేళ్ల కాపురంలో ఆమె పుట్టింటికి దక్కిన మొదటి మెప్పు అది.

ఆ రాత్రీ మర్నాడూ కలిపి తమ్ముడు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఆమె తియ్యలేదు.

అయిదో రోజు భర్త తల్లిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. మార్కెట్టు దగ్గర పల్లంలో పెడల్ నేలకి అంటుకుపోయింది. జనం మీదికి పోకుండా బండిని మూసి ఉన్న కొట్టు గోడకేసి తిప్పాడు. అతనికి నుదురు చిట్లింది. ముందు సీట్లో ఉన్న ముసలావిడకి తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రిలో నుదుటికి కట్టు కట్టించుకున్న భర్త అక్కడినుంచి నేరుగా షెడ్డుకి బయల్దేరాడు. ఆపాలని వెంటపడిన ఆమె షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది.

"చేసేశానన్నావట! ఏం చేశావురా?" అని తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు. "మా అమ్మని చంపబోయావు కదరా! సొంత అక్క బండికే ఇలా చేస్తావా?" పనివాళ్ల ముందు, బండ్లవాళ్ల ముందు చెంప పగలగొట్టాడు.

తమ్ముడు చెంప పట్టుకోలేదు. బావ భుజం మీదుగా అక్క వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఒక ప్రశ్న ఉంది. ఆమె నోరు తెరిస్తే అయిదు మాటల్లో తేలిపోయే ప్రశ్న. ఆమె తల దించుకుంది. అతనికి జవాబు దొరికింది.

"అత్తయ్యగారికి ఎలా ఉంది బావా?" అని మాత్రం అడిగాడు.

మాటకి కాళ్లుండవు గాని, బండ్లవాళ్ల నోట పడితే చక్రాలొస్తాయి. వారం తిరక్కుండానే ఊరంతా తిరిగింది. సొంత అక్క బండికే బ్రేకులు వెయ్యనివాడు మనకేం వేస్తాడన్నారు. సగానికి చేయించుకున్నవాళ్లే ముందుగా మానేశారు. మేనేజరైతే, "నాకు మొదట్నుంచీ అనుమానమేనమ్మా, చవకగా చేస్తుంటేనే," అని ఆమెతోనే అన్నాడు. ఆమె అతనికి కాఫీ ఇచ్చి తలూపింది.

మూడో వారం మరదలు వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. మెట్ల మీదే నిలబడింది.

"ఇద్దరు పనివాళ్లనీ మాన్పించేశారు వదినా. ఆయన అన్నం తినడం లేదు. మీ నోటితో ఒక్క మాట చెప్పండి చాలు. ఇంకేం అడగను."

"ఏం చెప్పాలి?"

"జరిగింది. నాలుగుసార్లు ఫోన్ చేశారు, నా పక్కనే కూర్చుని."

లోపల భర్త దగ్గు వినిపించింది. ఆమె గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "నీ మొగుడు చేతగాని పని చేసి, అది నా నెత్తిన రుద్దమని పంపాడా? సిగ్గులేకపోతే సరి!"

మరదలు ఏడవలేదు. "ఆయన పంపలేదు. వెళ్లొద్దనే అన్నారు," అని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయింది.

తలుపు వేసి తిరిగేసరికి, ఆసుపత్రి నుంచి వచ్చి ముందుగదిలోనే మంచం మీదున్న అత్తగారు ఆమెనే చూస్తోంది. ఆ రోజంతా కోడలి చేతి మంచినీళ్లు కూడా పుచ్చుకోలేదు.

ఆ ఆదివారం తమ్ముడు వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మనిషి సగమయ్యాడు. బావ ముఖం తిప్పుకున్నా పట్టించుకోకుండా ముసలావిడ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అత్తయ్యగారూ, నన్ను క్షమించండి. తప్పు నాదే."

అక్కకి అది వినగానే గుండె తేలికపడింది. హమ్మయ్య, వాడే ఒప్పుకున్నాడు, ఇక గొడవ లేదు. ఆ తేలికదనం మనసులో ఇంకా చల్లారకముందే, అది ఎంత నీచమైన తేలికదనమో ఆమెకి తెలిసింది. ఆరేళ్ల పిల్లాడిగా వాడు పగలగొట్టిన కుండకి కూడా దెబ్బలు తానే తినేది. ఇప్పుడు వాడు కొట్టుకుపోతుంటే గట్టున నిలబడి ఊపిరి పీల్చుకుంటోంది.

"నీ తప్పేంటిరా?" అంది. "చెప్పు. నీ తప్పేంటి?"

"అక్కా, ఊరుకో."

"ఊరుకోను. ఏవండీ, వీడు బ్రేకులు చెయ్యలేదు. చెయ్యకుండా తియ్యొద్దన్నాడు. తాళం నేను ఎత్తుకొచ్చాను. చేసేశాడని మీకు అబద్ధం చెప్పాను. మీరు వీణ్ణి కొడుతుంటే చూస్తూ నిలబడ్డాను."

భర్త ఆమె వైపు తిరిగాడు. "నీకు సిగ్గుందా?"

"లేదు. ఉంటే ఆ రోజే చెప్పేదాన్ని."

తమ్ముడు తల ఎత్తలేదు. "నా తప్పూ ఉంది బావా. అక్క ఫోను తియ్యకపోతే మీకు చెయ్యాల్సింది. చేస్తే అక్కకి మాటొస్తుందని ఆగాను. నేను ఆగబట్టి ఈవిడ మంచాన పడింది."

ముసలావిడ చెయ్యి చాచి అతని తల మీద పెట్టింది. కొడుకుతో అంది: "వీడి చెంప మీద వేసిన చెయ్యి నీదే కదరా. ఆ షెడ్డుకి వెళ్లి, అదే నలుగురి ముందు చెప్పిరా." కొడుకు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కోడలి వైపు ఆవిడ చూడనే లేదు.

మర్నాడు ఆమె ఒక్కతే షెడ్డుకి నడిచి వెళ్లింది. నాలుగు కార్లుండే చోట ఒక్కటే ఉంది. అదీ టాక్సీ డ్రైవరుది. సగం విప్పిన బండిని వేరే షెడ్డుకి లాగించుకుపోవడానికి తాడు కడుతున్నాడు.

"కట్టకండి," అంది ఆమె. "ఆ రోజు మీరు ఇక్కడే కూర్చున్నారు. మా తమ్ముడు ముందే చెప్పాడు. తప్పంతా నాదే. ఈ మాట మీ స్టాండులో అందరికీ చెప్పండి. నమ్మకపోతే నేనే వచ్చి చెప్తాను."

డ్రైవరు ఆమెని ఎగాదిగా చూశాడు. "ఆ రోజు నేను విన్నానమ్మా, తియ్యొద్దని ఇతను అనడం. మీరే మాట్లాడకపోతే పరాయివాణ్ణి నాకెందుకని ఊరుకున్నా. స్టాండులో అందరూ అంటుంటే నాకూ భయమేసింది." తాడు విప్పి, చుట్టి భుజాన వేసుకుని వెళ్లాడు.

తమ్ముడు బండికి ఆనుకుని నిలబడ్డాడు. "నాకు కోపం లేదనుకోకక్కా. చాలా ఉంది."

"ఉండనీరా."

"కొట్టాడని కాదు. నువ్వు తల దించుకున్నావు చూడు..."

మరదలు గుమ్మంలోకి వచ్చింది. ఆమె మరదలి వైపు తిరిగి చేతులు పట్టుకోబోతే, మరదలు ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆ పిల్లల మాట మాత్రం నేను మరిచిపోలేను వదినా."

"మరిచిపోవద్దు," అంది ఆమె. "నేనూ మరిచిపోను."

అప్పుడు వెనక చప్పుడైంది. నలుగురిలో చెంపదెబ్బ తిన్నా కన్ను చెమర్చని మనిషి, బానెట్ మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఆమె అటు ఒక అడుగు వేసి ఆగిపోయింది. వెళ్లే హక్కు తనకింకా ఉందో లేదో తెలియలేదు. మరదలి ముఖంలోకి చూసింది.

మరదలు తలతో అతని వైపు చూపించింది.

"వెళ్లండి," అంది. "ఆయన ఏడిస్తే ఊరుకోబెట్టడం నా వల్ల కాదు."