కిషన్ రావు సార్ లాగిన్

అశోక్‌నగర్‌లో ఆ రీడింగ్ హాలు మేడమీది కంప్యూటర్ గదికి మంచి పేరు లేదు. హాలును ఇరవయ్యేళ్లు నడిపిన కిషన్ రావు గారు పోయిన దసరాకు కాలం చేశారు. అయినా సాయంత్రం ఆరు దాటితే ఆయన ఆ గదిలో ఇంకా పని చేస్తూనే ఉంటారని అక్కడ అందరి నమ్మకం.

"సారు ఎవర్నీ ఏమనడమ్మా," అంది హాలు ఊడ్చే కురుమమ్మ, గొంతు తగ్గించి. "పనిల ఉంటడు, గంతే. జర కదిలియ్యకు."

సంయుక్త నవ్వేసింది. హాలు వెబ్‌సైట్ చూసే పని కొత్తగా ఆమె మీద పడింది. గడువు తీరినవాళ్లను 'ఉచిత సీటు' గ్రూపులోంచి తీసేయమని సెక్రటరీ ఫణీంద్ర హుకుం. ఆ గ్రూపులో లేనివాళ్ల కార్డుకు మర్నాడు గేటు తెరుచుకోదు.

సభ్యుల జాబితా తెరిచింది. ప్రతి పేరు పక్కనా వాళ్లు ఏ గ్రూపుల్లో ఉన్నారో కనిపిస్తోంది. గడువు తీరినవాళ్లలో మొదటి పేరే శ్రీలక్ష్మి— పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి కూతురు. ఆదివారమే పరీక్ష! సంయుక్త మనసు చివుక్కుమంది. ఏం చేస్తుంది పాపం, తీసేసింది.

పేజీ మళ్లీ తెరిచింది... శ్రీలక్ష్మి గ్రూపులోనే ఉంది.

మళ్లీ తీసేసింది. మళ్లీ వచ్చింది. పేరు మీద నొక్కితే వివరాలు—

'చేర్చినవారు: కిషన్ రావు. సమయం: 6.12.'

గోడ గడియారం చూసింది. ఆరూ పన్నెండు.

అప్పుడే మెట్ల మీద... చెప్పుల చప్పుడు. ఒక్కో మెట్టూ... ఆగి... ఆగి... తలుపు కిర్రుమంది.

"ఏందమ్మా, నేను చేరుస్తుంటే నువ్వు తీసేస్తున్నవ్?"

వెనకింట్లో ఉండే కిషన్ రావు గారి భార్య, దమయంతి! చేతిలో ఆయన ట్యాబ్. ఆయాసం ఒకపక్క, కోపం ఇంకోపక్క.

"చదువుకునేటోళ్లను బయటికి పంపొద్దని ఆయన చెప్పి పోయిండు. రోజూ ఆరింటికి చాయ్ తాగి లిస్టు చూస్త. పాస్‌వర్డ్ క్యాలెండర్ ఎనక రాసి పెట్టిండు."

సంయుక్తకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పకపకా నవ్వి, దమయంతి గారికి వేరే లాగిన్ చేసిచ్చింది. కిషన్ రావు గారి ఖాతా పూర్తిగా తీసేసింది. ఫణీంద్రకు ఫోన్ చేసి దమయంతి గారు నాలుగు చివాట్లు పెట్టేసరికి శ్రీలక్ష్మి సీటు నిలిచింది.

మర్నాడు సాయంత్రం దమయంతి గారి నుంచే ఫోన్.

"మంచి పని చేసినవ్ బిడ్డా! కురుమమ్మ పేరు పక్కన నిన్నటిదాక 'సిబ్బంది' ఒక్కటే ఉండె. ఇయ్యాల 'ఉచిత సీటు' గూడ ఉన్నది."

"నేను చేర్చలే ఆంటీ... మీరు కాదా?"

"నేనెందుకు చేరుస్త? ఆమె చదువుతదని నాకేం తెల్సు?"

సంయుక్త కిందికి పరుగెత్తి కురుమమ్మను అడిగింది. ఆమె సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పదో తరగతి రాయాల్నని ఉందమ్మా. ఎవ్వరికీ చెప్పలే. ఇందాక గోడ మీది సారు ఫోటో తుడుస్తూ... సారుకొక్కడికే చెప్పిన."

సంయుక్త మెల్లగా పైకొచ్చి వివరాలు తెరిచింది. సమయం: 6.12. చేర్చినవారు... అక్కడ ఏ పేరూ లేదు.

తీసేసే బటన్ జోలికి పోలేదు. లేచి నిలబడి, ఎవరూ లేని కుర్చీ వైపు తిరిగి, "కార్డు రేపే ఇచ్చేస్త సార్," అంది.