కాటా దగ్గర వేసిన పరుపు

“లాడ్జి మంచంలో నల్లులు, దుప్పట్లో కంపు. దానికి మళ్లీ నేను ఎదురు డబ్బులివ్వాలా?” అంటాడు మా మరిది.

“నల్లి కుడితే దురద. ఇక్కడ పడుకుంటే పోయేది ప్రాణం!” అంటుంది మా చెల్లెలు.

ఈ గొడవ వాళ్ల పెళ్లంత పాతది. మరిది పరుపులు కుడతాడు. పని కోసం ఊళ్లు తిరగాలి గనక పాత వ్యాను కొన్నాడు. రాత్రయితే అందులోనే పడక. ఆ రోజు మాత్రం చెల్లెలు గింజుకున్నది వ్యాను గురించి కాదు — అది ఆగిన చోటు గురించి.

మూతబడ్డ కాటా అది. ఒకప్పుడు లారీలకి తూకం వేసేవాళ్లట. ఒక చలికాలం ఎవరో లారీ క్లీనరు అక్కడే బండిలో పడుకున్నాడు. తెల్లారింది... వాడు లేవలేదు. ఒంటిమీద గీత లేదు. అద్దాలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

అప్పట్నుంచీ అక్కడ ఎవరు పడుకున్నా, రాత్రి అద్దంమీద కొడతాడట. కొడితే తీయకూడదట. తీస్తే — లోపలికొచ్చి పక్కన పడుకుంటాడట.

నేనైతే నమ్మను. మా ఆయన పోయాక నా పక్కన చోటు ఖాళీయే. ఏ దెయ్యమూ వచ్చి కాలు చాపలేదు. కానీ మా చెల్లెలికి అబద్ధం అల్లేంత ఓపిక లేదు. అది చెప్పింది చెప్పినట్టే చెప్తున్నా.

కుండపోత వాన. అద్దం తుడిచే పుల్ల విరిగింది. ముందుకి కదిలే దారి లేదు.

“భయమైతే కళ్లు మూసుకో. అసలు ఈ పడక చూడు, రాజులకి దక్కిందా ఇలాంటిది?” అన్నాడు మరిది.

“రాజులు మోకాళ్లు గడ్డానికి ఆనించి పడుకున్నారా ఏం?” అంది ఇది.

నిజం చెప్పాలంటే పడక మంచిదే. రెండు చెక్కపెట్టెల మీద పలక, పలక మీద జానెడు మందం స్పాంజి, దానికి జారిపోయే శాటిన్ గుడ్డ. తలలు డ్రైవరు సీటు వైపు, కాళ్లు వెనక తలుపు వైపు. ఎక్కితే దిగబుద్ధి కాదు.

కానీ మరిదికి ఒక జబ్బుంది. సందు కనబడితే చెయ్యి ఊరుకోదు. సందున్న పరుపు పరుపే కాదంటాడు. ఆ రాత్రి పెళ్లాం వణుకుతోందని తలుపు అంచుల్లో, కిటికీల పక్కన, పైన గాలాడే కన్నంలో — అన్నిట్లోనూ మిగిలిన స్పాంజి ముక్కలు కూరేశాడు.

“దెయ్యం కాదు కదా, దాని ఊపిరి కూడా దూరదిప్పుడు. పడుకో.”

చలి ఆగలేదు. పలక కింద, పెట్టెల మధ్యన, బొగ్గుల కుంపటి పెట్టి పైన బూడిద కప్పాడు. వెచ్చగా ఉంది. హాయిగా ఉంది. పడుకున్నారు.

ఎంతసేపయిందో తెలీదు...

టప్.

చెల్లెలికి మెలకువ వచ్చింది. వెనక తలుపు అద్దంమీద — టప్... టప్...

తల రాయిలా ఉంది. గుండెమీద ఎవరో కూర్చున్నట్టుంది.

“ఏవండీ... ఏవండీ... కొడుతున్నాడు...”

పలకలేదు.

గిల్లింది. జుట్టు పట్టి గుంజింది. మనిషి పొద్దున్నే పాలవాడి సైకిలు బెల్లుకే లేచేవాడు — మెడ వేలాడేసి పడున్నాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు.

టప్! టప్! టప్!

తీస్తే వాడు లోపలికొస్తాడు. తీయకపోతే... సగం పని ఇప్పటికే అయిపోయింది.

అప్పుడు దానికి భయం పోయి, అచ్చం మా అమ్మకొచ్చేలాంటి కోపం వచ్చింది. పాక్కుంటూ కాళ్ల వైపు వెళ్లింది.

“ఎవడ్రా నువ్వు? కావాలంటే నన్ను తీసుకుపో. ఆయన్నొదులు!”

గడియ లాగి తలుపు మీద పడింది. తలుపు తెరుచుకుంది.

బయట... ఎవరూ లేరు. వాన. చల్లగాలి మొహానికి కొట్టింది. అది బురదలో మోకాళ్ల మీద పడి భళ్లున కక్కుకుంది. మళ్లీ లేచి మొగుడి రెండు కాళ్లూ పట్టుకుని లాగింది. శాటిన్ గుడ్డ కదా — పరుపుతో సహా జర్రున జారి వానలో పడ్డాడు.

కాసేపటికి దగ్గాడు. కళ్లు తెరిచాడు.

“అయ్యయ్యో... పరుపు తడిసిపోయింది కదే!”

అది ఏడుస్తూ చెంప మీద ఒక్కటిచ్చింది.

రోడ్డుమీద వెళ్తున్న లారీ ఆగింది. డ్రైవరు పెద్దాయన. టార్చి పట్టుకుని దిగి, ఇద్దరికీ నీళ్లు తాగించి, వ్యానులోకి తొంగి చూసి తల పట్టుకున్నాడు.

“తలుపులు బిగించుకుని కుంపటి పెట్టుకుంటారా తల్లీ? ఆ గాలికి వాసనుండదు. నిద్రలోనే తీసుకుపోద్ది. ఆ క్లీనరు కుర్రాడు పోయింది అట్లాగే. లేనిపోని దెయ్యం పేరు పెట్టారు గానీ...”

మరిదికి అప్పుడు సిగ్గేసింది. సందులు పూడ్చింది తనేగా.

“అయితే ఆ కొట్టింది?” అంది చెల్లెలు.

“వానకి ఏ కొమ్మో ఊగి తగిలుంటుందిలే,” అన్నాడు పెద్దాయన. చుట్టూ టార్చి వేశాడు. కొమ్మ కాదు గదా, గడ్డిపరక కూడా లేదక్కడ.

వెలుగు తిప్పి తలుపు అద్దంమీద వేసి — ఆగిపోయాడు.

“అవునూ... మీ మూడో మనిషి ఎక్కడ?”

“మేమిద్దరమే బాబాయ్.”

అద్దంమీద నల్లటి ఇంజన్ ఆయిలుతో చెయ్యి అచ్చు. ఐదు వేళ్లూ విచ్చుకుని ఉన్నాయి. మరిది చెయ్యి కాదు, దానికి సగం వేలు లేదు, ఎప్పుడో కత్తెరకి పోయింది. చెల్లెలు తన అరచెయ్యి ఆనించి చూసింది, వేళ్లు సగానికి కూడా అందలేదు. వాన నీళ్లతో తుడిస్తే పోతుందేమోనని పెద్దాయన బయటనుంచి గట్టిగా రుద్దాడు.

పోలేదు.

అది లోపలి వైపు ఉంది.

 మరిది ఆ అచ్చునే చూస్తూ మెల్లగా అన్నాడు.

“వాడు రానిమ్మని కొట్టలేదే... మనల్ని పొమ్మని కొట్టాడు.”

మర్నాడు పొద్దున్నే బోర్డులు రాసేవాడి కొట్టుకి వెళ్లాడు. ‘ఇక్కడ బండిలో కుంపటి పెట్టుకుని పడుకోకండి. అద్దం కొడితే వెంటనే తీయండి’ అని రేకు మీద ఎర్ర రంగుతో రాయించి, తనే మోసుకెళ్లి కాటా గోడకి కొట్టాడు. దారప్పోగు దగ్గర కూడా గీచి గీచి బేరమాడే మనిషి, ఆ రాసినవాడు అడిగిందానికి నోరెత్తకుండా జేబులో చెయ్యి పెట్టి తీసిచ్చింది — ఎనిమిదివందల డెబ్భై రూపాయలు.