గోడలో ఐదో పిల్ల

పాత ఇళ్ల గోడల్లో దూరిన ఉడతల్ని ప్రాణం తీయకుండా బయటికి పంపడం ఆయన పని. అందరూ ఉడతలాయన అనే పిలుస్తారు. మందు పెట్టి చంపెయ్యమనేవాళ్ల గడప తొక్కడు. భార్య పోయి నాలుగేళ్లయింది. పిల్లల్లేరు. ఇంట్లో పలకరించే దిక్కు లేక ఉడతలతోనే కబుర్లు చెబుతాడు. నవ్విపోదురు గాక నాకేటి సిగ్గు అనుకునే రకం.

ఆ రోజు పిలిచింది ఒక నర్సమ్మ. ఒంటరి మనిషి. రాత్రంతా ఆసుపత్రిలో డ్యూటీ, పగలు నిద్ర. ఆ పగలే పడకగది చెక్కగోడలో ఉడతలు ఇల్లు పీకి పందిరేస్తున్నాయి. రెండు వారాలుగా కంటి మీద కునుకు లేదంది. మొన్న ఒక రోగి మాత్రలు ఇంకో రోగి నోట్లో వెయ్యబోయి ఆఖరు క్షణంలో ఆగిందట. ఇంకోసారి అలా జరిగితే ఒక ప్రాణం పోతుందని చెబుతూ కళ్లు తుడుచుకుంది.

“ఈ సాయంత్రానికి ఒక్కటి కూడా ఉండదమ్మా,” అన్నాడు ఉడతలాయన.

బయటి గోడకి చూరు కింద ఒక కన్నం ఉంది. దానికి జాలీ తలుపు బిగించాడు. అది బయటికి మాత్రమే తెరుచుకుంటుంది. లోపలున్నది నెట్టుకుని రావొచ్చు గానీ మళ్లీ లోపలికి పోలేదు. మూడింటికి తల్లి ఉడత బయటికి దూకింది. ఆయన పడకగదిలో గోడ అడుగున ఒక చెక్క ఊడదీసి, కళ్లు తెరవని పిల్లల్ని నాలుగింటిని తీశాడు. గుడ్డ పరిచిన పెట్టెలో వాటిని చూరు పక్కన పెడితే, తల్లి వచ్చి ఒక్కోదాన్నే నోట కరుచుకుని చెట్టు మీదికి మోసుకుపోయింది. నాలుగూ వెళ్లేసరికి ఎండ వాలింది.

ఎవరైనా అంతటితో చెక్క బిగించి వెళ్లిపోతారు. ఆయన వెళ్లడు. ఎప్పుడో పని నేర్చుకునే రోజుల్లో చూసుకోకుండా ఒక పిల్లని లోపలే ఉంచి మూసేశాడు. అది మూడు రోజులు ఏడ్చి ఆగిపోయింది. గోడలో ప్రాణం మిగలకూడదని అప్పుడు ఒట్టేసుకున్నాడు. అందుకే చివర్లో చేతి తొడుగు తీసేసి, ఉత్త చేత్తో మూలమూలా తడుముతాడు.

చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టాడు. దుమ్ము... పీచు... చివికిన చెక్క వాసన. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. గోడ లోపలి చీకట్లో ఆయన వేళ్లు మెల్లగా కదిలాయి.

ఏదో వెచ్చగా తగిలింది.

ప్రతి పిల్లకీ చెప్పే మాటే అలవాటుగా చెప్పాడు. “రా తల్లీ... నేనున్నాగా.”

అది ఆయన చూపుడువేలు పట్టుకుంది.

చిన్న గుప్పిట. మెత్తగా ఉంది. వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఆ తరువాత బొటనవేలు.

ఉడత ముంగాలికి నాలుగే వేళ్లుంటాయి.

నర్సమ్మ గొంతు తగ్గించి అడిగింది. “ఏమైంది బాబాయ్‌గారూ?”

“గోడ పైన చెక్కల మధ్య సందుంది, అందులోంచి టార్చి వేసి చూడమ్మా.”

ఆవిడ మంచమెక్కి వంగి చూసింది. చాలాసేపు చూసింది. “ఏమీ లేదండీ... మీ చెయ్యొక్కటే కనిపిస్తోంది.”

ఆయనకి భయమేసింది. చెయ్యి లాక్కోవాలి. లాక్కోలేదు. నాలుగేళ్లుగా ఆయన చెయ్యి పట్టుకున్నవాళ్లు లేరు. అంత భయంలోనూ ఆ వెచ్చదనం ఆయనకి హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది.

కాసేపటికి గుప్పిట దానంతటదే వదిలింది.

లోపలి చెక్క బిగించేశాడు. చూరు కింద కన్నాన్ని కూడా మూసి పారిపొమ్మని బుద్ధి చెబుతూనే ఉంది. ఒట్టు ఒప్పుకోలేదు. జాలీ తలుపు అలాగే ఉంచి, ఇంకొకటి మిగిలిందని, చప్పుడు పూర్తిగా ఆగాకే కన్నం మూయించమని చెప్పాడు.

“ఐదో పిల్లా?”

“అలాంటిదే,” అన్నాడు.

మర్నాడు నాలుగింటికి నర్సమ్మ ఫోన్ చేసింది. గొంతులో హుషారుంది. పొద్దున డ్యూటీ నుంచి వచ్చేసరికి జాలీ తలుపు బయటికి తోసి ఉందట. చెవి పెట్టి వింటే గోడలో ఏ చప్పుడూ లేదట. పక్కింటి మేస్త్రీ చేత కన్నం పూడ్పించేసి, ఒళ్లు తెలియకుండా ఇప్పటిదాకా నిద్రపోయిందట.

“సిమెంటుతో పూడ్చారు. ఇక చీమ కూడా దూరదు,” అంది.

ఉడతలాయన తన ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తలుపు గడియ వేసే ఉంది. ఎడమచేత్తో ఫోన్ పట్టుకున్నాడు.

“అమ్మా... ఆ కన్నం ఒక్కసారి తెరిపించగలవా?”

“ఎందుకండీ? లోపలేమీ లేదుగా?”

“లోపల లేదమ్మా,” అన్నాడు మెల్లగా.

ఆవిడ ఇంకా ఏదో అడుగుతోంది. ఆయన వినడం లేదు. కుర్చీ పక్కన వేలాడుతున్న కుడిచేతి వైపు చూస్తున్నాడు. అక్కడ ఎవరూ లేరు. పొద్దుటి నుంచీ ఆ చేతిని పట్టుకున్నది వదల్లేదు. నిన్న ఒక్క వేలికి సరిపోయిన గుప్పిట... ఇప్పుడు ఆయన చేతిని మణికట్టు దాకా కప్పేసింది.