గంట మోగేలోపు

మా మనవరాలు ఇంటి నుంచే పనిచేస్తుంది. ఓ సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడిపిస్తుంది. కిందటేడు వాళ్ల ఆఫీసులో ఎజైల్ అని కొత్త పద్ధతి పెట్టారు. బ్రహ్మవిద్యేం కాదు. పెద్ద పనిని చిన్న ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్కా చూపించి, తప్పులు దిద్దుకుంటూ పోవడం. అందుకని రోజూ పొద్దున అందరూ ఎవరిళ్లలో వాళ్లు కంప్యూటర్ల ముందు నిలబడి మూడు సంగతులు చెప్పాలి: నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, నాకేం అడ్డొస్తోంది. మూడోదే ముఖ్యం. అడ్డు తెలిస్తేనే కదా తీసేది.

మనిషికి ఒక నిమిషం. మనవరాలు వంటింట్లోని టైమర్ తెచ్చి బల్లమీద పెట్టుకుంది, చేత్తో తిప్పేది. టిక్ టిక్ టిక్... టింగ్. గంట మోగగానే అనేది:

"తర్వాత ఎవరు?"

ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఒకతనిది నిదానమైన మాట. నత్తన్న అని పేరు పెట్టారు. అతను మూడో సంగతికి వచ్చేసరికి గంట మోగేది.

"మిగతాది వచ్చే జన్మలో చెబుదువులే నత్తన్నా," అనేవాళ్లెవరో. మా పిల్ల నవ్వేది. పక్కన కూరలు తరుగుతూ నేనూ నవ్వేదాన్ని.

ఒకరోజు అతను గుండెమీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. మొహం పాలిపోయింది.

"నాకు... అడ్డేంటంటే..."

టింగ్.

"రేపు చెబుదువుగాని. తర్వాత ఎవరు?" అంది మా పిల్ల.

సాయంత్రానికి తన ఇంట్లో, కంప్యూటర్ ముందు కుర్చీలోనే పోయాడు.

మళ్లీ అందరూ నిలబడిన రోజున, చివరివాడు చెప్పడం అయ్యాక, టైమర్ దానంతటదే తిరిగింది. తెరలో ఒక్క పెదవీ మెదల్లేదు. ఎవరో ఊపిరి కూడదీసుకుంటున్న చప్పుడు మాత్రం... టింగ్.

రోజూ అదే. మనవరాలు తిండి మానేసింది. టైమర్ని డబ్బాలో పెట్టి మూత బిగించాను. లోపలే తిరిగింది.

"అమ్మమ్మా, నా మొహం నాకే చూడబుద్ధి కావట్లేదు," అంది.

"అందరి ముందూ క్షమించమని అడుగమ్మా. తిరక్కుండా నేను పట్టుకుంటాను."

మర్నాడు టైమర్ని గుప్పిట్లో బిగించి పక్కన నిలబడ్డాను. పట్టపగలు, గదినిండా ఎండ. ఇనుము మంచుముక్కలా ఉంది.

"అన్నా," అంది మనవరాలు. "నీ మాట మేం విననే లేదు. నన్ను..."

టింగ్.

నా వేళ్లు సడలలేదు. ఒట్టు. అది తిరగలేదు.

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. "నన్ను..."

టింగ్.

రెండు చేతులతో నోరు మూసుకుని కూలబడిపోయింది. తెరలో అందరూ తలలు దించుకున్నారు. నేనూ దించుకున్నాను.

అప్పుడు వినబడింది... మెల్లగా, తొందరేమీ లేకుండా.

"తర్వాత ఎవరు?"

అది మా పిల్ల గొంతు. కానీ ఆమె నోరు ఇంకా మూసే ఉంది.

నా గుప్పిట్లో టైమర్ తిరగడం మొదలైంది.