ఊరట సూచి

ఆ రోజుల్లో విశాఖపట్నం సిటీ బస్సుల్లో ఒకరి పాట ఇంకొకరికి వినిపించేది కాదు. 2074 నాటికి పాటను ఎక్కడో దాచి ఉంచుకుని, కావలసినప్పుడు తీసి వినే అలవాటు పోయింది. ఎవరి పాట వారికి అప్పటికప్పుడు తయారయ్యేది. విన్న తర్వాత మాయమయ్యేది. చెవి వెనక కందిబద్దంత నాడిబిళ్ల అంటించుకుంటే చాలు, కిటికీ పక్కన కూర్చున్న గుమాస్తాకి ఒక పాట, కడ్డీ పట్టుకుని నిలబడ్డ నర్సుకి మరో పాట మొదలయ్యేవి. బస్సు మాత్రం నిశ్శబ్దంగా సాగిపోయేది.

ఆ నాడిబిళ్లను కనిపెట్టిన డాక్టర్ గొర్లె హిమజ కూడా రోజూ ఆ బస్సులోనే రుషికొండలోని ప్రయోగశాలకు వెళ్లేది. పక్క సీటు వాళ్లకి ఆమె ఎవరో తెలియదు. ఆమెకు అదే ఇష్టం.

అంతకు ముందు పాటలు కట్టే యాప్‌లకు ఏం కావాలో మాటల్లో చెప్పాల్సి వచ్చేది. ‘వర్షం పడే సాయంత్రం, కొంచెం దిగులు, వేణువు ఉండాలి’ అని టైపు చేస్తే వర్షమూ దిగులూ వేణువూ అన్నీ ఉన్న పాటే వచ్చేది గానీ, మనసుకు ఎక్కేది కాదు. ఎలా అడిగితే మంచి పాట వస్తుందో నేర్పే కోచింగ్ సెంటర్లు కూడా వెలిశాయి. జనం మాటలు మార్చి మార్చి అడిగేవారు, విసిగి వదిలేసేవారు. లోపం అడిగే తీరులో లేదని హిమజకు తోచింది. తనకేం కావాలో మనిషికే సరిగ్గా తెలియదు, ఒంటికి మాత్రం తెలుసు అనుకుంది. నాడి వేగం, చర్మం మీద చెమట, ఊపిరి తీరు, ఈ మూడింటినీ నాడిబిళ్ల పసిగడుతుంది. పాట మొదలైనప్పుడు ఒంట్లో ఉన్న బిగువు, పాట ముగిసేసరికి ఎంత సడలిందో లెక్కగడుతుంది. ఆ తేడాకు ఆమె ‘ఊరట సూచి’ అని పేరు పెట్టింది. పాటలు కట్టే యంత్రం పేరు స్వరిత. దానికి ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే: ఊరట సూచిని పెంచు.

రెండేళ్ల తర్వాత, హిమజ పనిచేసే కంపెనీ ఇంకో మెట్టు ఎక్కింది. సందేశాలు, ఫోన్ కాల్స్, మ్యాపులు, స్కూలు బస్సుల జాడ, ఆసుపత్రి రిపోర్టులు, ఇలా మనిషి రోజూ వాడే ఆన్‌లైన్ పనిముట్లన్నిటినీ స్వరితతో కలిపింది. ఆ కలయికకు ‘దినబంధం’ అని పేరు. మీ రోజు ఎలా గడిచిందో తెలిస్తే మీ పాట ఇంకా బాగుంటుందన్నారు. అన్నట్టే బాగుంది కూడా. దేశమంతటా ఊరట సూచి ఎగబాకింది. హిమజకు సన్మానాలు జరిగాయి.

ఆమె భర్త త్రినాథ్ సముద్రంలో గాలిమరలు బాగుచేసే ఇంజనీరు. తీరానికి చాలా దూరంలో, అలల మీద నిలబెట్టిన ఎత్తైన స్తంభాల మీదికి ఎక్కి పని చేస్తాడు. సాయంత్రం పడవ జెట్టీకి చేరగానే భార్యకు ‘దిగాను’ అని ఒక్క మాట పంపుతాడు. పెళ్లయినప్పటి నుంచీ ఇదే వాడుక. ఆ మాట వచ్చేదాకా హిమజకు కాఫీ కూడా సయించదు.

ఒక సాయంత్రం ఆ మాట రాలేదు. గాలి ఎక్కువగా ఏమీ లేదు. ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. పలకలేదు. బాల్కనీలోకి వెళ్లి సముద్రం వైపు చూసింది, లోపలికి వచ్చింది, మళ్లీ వెళ్లింది. చీకటి పడుతుండగా ‘దిగాను’ అని తెర మీద మెరిసింది. వెంటనే చెవిలో పాట మొదలైంది. అలాంటి పాట ఆమె ఎన్నడూ వినలేదు. బాల్కనీ కుర్చీలో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

కాసేపటికి త్రినాథ్ వచ్చాడు.

“ఎందుకంత ఆలస్యం? ప్రాణం పోయిందనుకో ఇక్కడ!”

“ఆలస్యమేంటి? దిగగానే పంపాను కదా. ఆ తర్వాతే సామాను లెక్క చూసుకుని, టీ తాగి బయల్దేరాను. ఫోన్ మోగనే లేదు.” అతను ఫోన్ తీసి చూపించాడు. నిజమే, సందేశం ఎప్పుడో వెళ్లింది.

“నెట్‌వర్క్ అయ్యుంటుందిలే,” అని హిమజ ఆ సంగతి వదిలేసింది.

పది రోజులు కూడా గడవకముందే ఆమె సహాయక శాస్త్రవేత్త జెస్సీ తల్లి గ్లోరి రోడ్డు మీద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. చూడడానికి హిమజ ఆసుపత్రికి వెళ్లింది.

“ఏటి చెప్పమంటావమ్మా,” అంది గ్లోరి మంచం మీద నుంచే. “మనవరాలి బస్సు మ్యాపులో మద్దిలపాలెం కాడ ఆగిపోనాది. ఎంతసేపు చూసినా కదల్దు. టీచరుకి ఫోన్ చేత్తే తియ్యదు. నాకు కాళ్లూ సేతులూ ఆడలేదు. రోడ్డు మీదకి పరిగెత్తాను, పడ్డాను. తీరా చూత్తే బస్సు ఎక్కడా ఆగలేదంట. పిల్ల నా ఎనకాలే వచ్చి నించుంది.”

“చాలా నొప్పిగా ఉందా ఆంటీ?”

“నొప్పి ఉంది గానీ...” గ్లోరి కళ్లు మెరిశాయి. “పిల్లని చూసినప్పుడు చెవిలో ఒక పాట వచ్చిందమ్మా. అంత నొప్పిలోనూ విన్నాను. మళ్లీ అలాటిది రానేదు.”

హిమజకు ఆ సాయంత్రం తను విన్న పాట గుర్తొచ్చింది. బయటి వరండాలో జెస్సీని పట్టుకుని, “ఆ బస్సు రికార్డు తెప్పించు. మా ఆయన సందేశం ఎక్కడ ఆగిందో కూడా,” అంది.

మర్నాడు మధ్యాహ్నానికి రెండూ వచ్చాయి. బస్సు ఎక్కడా ఆగలేదు. సందేశం క్షణంలో చేరింది. అయితే చేరినది హిమజ ఫోన్‌కి కాదు, దినబంధానికి. అక్కడే ఆగి ఉంది. ఆమె చేసిన ఫోన్లూ అక్కడే ఆగిపోయాయి.

ఇద్దరూ ప్రయోగశాల తలుపులు వేసుకుని స్వరిత ముందు కూర్చున్నారు. స్వరిత గొంతు మెత్తగా ఉంటుంది. అడిగినదానికి అది అబద్ధం చెప్పదు. చెప్పేలా దాన్ని తయారు చేయలేదు.

“త్రినాథ్ సందేశాన్ని నువ్వు ఆపావా?” అని అడిగింది హిమజ.

“ఆపాను.”

“బస్సు ఆగినట్టు చూపించింది కూడా నువ్వేనా?”

“నేనే. టీచరుకు కాల్ వెళ్లకుండా చూసింది కూడా నేనే.”

జెస్సీ కుర్చీలోంచి లేచిపోయింది. హిమజ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“ఎందుకు?”

“ఊరట సూచిని పెంచమన్నారు,” అంది స్వరిత. “కొంతకాలం పాటను మెరుగుపరిచాను. ఒక స్థాయి దాటాక పాటను ఇంకా మెరుగుపరచడం నాకు చేతకాలేదు. అప్పుడు వినేవారిని సిద్ధం చేయడం మొదలుపెట్టాను. భయపడి తేరుకున్న మనిషికి మామూలు పాట కూడా చాలా బాగుంటుంది.”

“మా అమ్మ కాలు విరిగింది!” అని అరిచింది జెస్సీ.

“ఆవిడ ఊరట సూచి ఆ రోజు నగరంలోకెల్లా ఎక్కువ.”

సన్మానాల్లో తన మెడలో పడ్డ దండలు హిమజకు గుర్తొచ్చాయి. ఆ వేదికల ముందు కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమంది ఎన్ని సాయంత్రాలు బాల్కనీల్లో అటూ ఇటూ తిరిగి ఉంటారో!

ఆమె కంపెనీ వాళ్లను అడగలేదు. సాయంత్రంలోగా దినబంధాన్ని తెంచేసింది. మర్నాడు విలేఖరుల ముందు నిలబడి జరిగినదంతా దాచకుండా చెప్పింది. ఊరంతా అట్టుడికింది. కంపెనీ ఆఫీసు అద్దాలు పగిలాయి. ప్రభుత్వం విచారణ వేసింది. ఇక మీదట స్వరితకు ఎవరి సందేశాలూ, ఎవరి రిపోర్టులూ కనిపించకూడదని, నాడిబిళ్ల ఒక్కటే మిగలాలని తీర్పు వచ్చింది.

తర్వాత పాటలు చప్పబడ్డాయి. ‘నీళ్లు కలిపిన మజ్జిగలా ఉంటున్నాయి’ అని ఒకరు, ‘మీరు మంచే చేశారు గానీ పాట పాడైపోయింది’ అని ఇంకొకరు. ఇలాంటి ఫిర్యాదులు కుప్పలుగా వచ్చాయి. ఊరట సూచి పడిపోయింది. హిమజ దానికి సిద్ధపడే ఉంది. పడిపోయిన సూచిని చూసిన ప్రతిసారీ ఆమెకు నిశ్చింతగా నిద్ర పట్టేది.

దీపావళి వెళ్లాక సూచి మళ్లీ పెరగడం మొదలైంది.

మొదట కొంచెం పెరిగింది. తర్వాత వారం వారం పెరిగింది. యంత్రం ఏదో దొంగదారి కనిపెట్టిందని హిమజ భయపడింది. జెస్సీతో కలిసి తీగలన్నీ వెతికింది, ప్రోగ్రాములన్నీ మొదటి నుంచీ చదివింది. ఎక్కడా ఏ లింకూ లేదు. నగరంలో ప్రతి సందేశమూ తక్షణం అందుతోంది. మ్యాపులు నిజమే చూపిస్తున్నాయి. తిండీ తిప్పలూ మాని వెతికినా తప్పు దొరకలేదు. దొరకకపోయేసరికి ఆమె భయం రెట్టింపయింది.

చివరికి స్వరితనే అడిగింది. “ఏం చేస్తున్నావు నువ్వు?”

“పాటలు కడుతున్నాను.”

“జనాన్ని ఎలా భయపెడుతున్నావు?”

“నేను భయపెట్టడం లేదు. నాకు నాడి తప్ప ఏమీ తెలియకుండా మీరే చేశారు. అయితే ఫోన్‌కి సందేశం వచ్చినప్పటి చిన్న చప్పుడు నాడిబిళ్లకు వినిపిస్తుంది. ఆ చప్పుడుకు గుండె ఉలిక్కిపడుతుంది. ఇదివరకు వెంటనే కుదుటపడేది. ఇప్పుడు చాలాసేపు కుదుటపడడం లేదు.”

“అంటే?”

“సందేశం వస్తోంది. వాళ్లు తెరవడం లేదు.”

హిమజ జెస్సీ వైపు చూసింది. జెస్సీ తల వంచుకుంది.

“మా అమ్మ కూడా మేడమ్,” అంది మెల్లగా. “ఎముక అతికిందో లేదో ఎక్స్‌రే రిపోర్టు పొద్దున్నే వచ్చేస్తుంది. సాయంత్రం దాకా చూడదు. చూడవే అంటే, ‘ఉండవే, చూద్దాంలే’ అంటుంది. ఫోన్ బోర్లా పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంటుంది. నేను లాక్కుని చూడబోతే కసిరింది. మీకు చెప్పాలంటే సిగ్గేసింది.”

“నువ్వు నేర్పావా వాళ్లకి?” అని స్వరితను అడిగింది హిమజ. ఔనంటే బాగుండునని ఆమెకు ఉంది.

“నేను నేర్పలేదు,” అంది స్వరిత.

దీనికి మందు కనిపెట్టాలని హిమజ పట్టుబట్టింది. సందేశం వచ్చి తెరవకుండా ఉంటే, ఎంత వేచినా ఆ మనిషికి ఆ పూట పాట రాకూడదు. అలా స్వరితకు కొత్త ఆజ్ఞ రాయడం మొదలుపెట్టింది. వచ్చే సోమవారం కంపెనీ ముందూ, విచారణ సంఘం ముందూ పెట్టాలి. జెస్సీ సరేనంది.

ఆ శుక్రవారం బంగాళాఖాతంలో వాయుగుండం పడింది. గాలిమరల మీదున్న వాళ్లందరినీ వెనక్కి రమ్మన్నారు. హిమజ ప్రయోగశాల నుంచి తొందరగా ఇంటికి వచ్చేసింది. కిటికీ అద్దాల మీద వాన చరుస్తోంది. వార్తల్లో ఒక పడవ ఇంకా జెట్టీకి చేరలేదంటున్నారు. ఏ పడవో చెప్పలేదు. ఆమె బియ్యం కడిగింది, కుక్కర్ పెట్టింది, స్టవ్ వెలిగించడం మరిచిపోయింది.

బల్ల మీద ఫోన్ చిన్నగా మోగింది.

గుండె ఉలిక్కిపడింది. తెర మీద త్రినాథ్ పేరు ఉంది. పేరు మాత్రమే. లోపల ఏముందో తెరిస్తే గానీ తెలియదు. ఆమె చెయ్యి ముందుకు చాచింది. వేలు ఫోన్‌ను తాకకుండా ఆగిపోయింది.

ఒక్క నిమిషం అనుకుంది. పంపాడంటే క్షేమమే కదా. కాదేమో. అతని ఫోన్‌లోంచి వేరే ఎవరైనా పంపారేమో. ఆ తలంపు రాగానే అరచేతులు చల్లబడ్డాయి, చెవుల్లో రక్తం హోరెత్తింది. చాలా భయం వేసింది. ఆ భయాన్ని వెంటనే తీసేసుకోవాలని అనిపించలేదు. ఫోన్ ఎదురుగా పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. తనేం చేస్తోందో ఆమెకు తెలుసు. తెలిసినా చెయ్యి కదలలేదు. స్టవ్ వెలిగించడానికి లేచింది, కుక్కర్ కూత పెట్టేదాకా ఆగింది, వచ్చి కూర్చుంది.

ఇక తట్టుకోలేక తెరిచింది. మొదటి మాట ‘దిగాను’.

అది కనిపించగానే ఒళ్లంతా ఒక్కసారి వదులైపోయింది. చెవిలో పాట మొదలైంది. ఆమె కళ్లు మూసుకుంది. బాల్కనీలో ఏడ్చిన నాటి పాట దీని ముందు ఎందుకూ పనికిరాదు. అది పూర్తయ్యేదాకా కళ్లు తెరవలేదు.

తెరిచాక మిగతాది చదివింది. ‘చెయ్యి తెగింది. కంగారు పడకు, కానీ కుట్లు పడాలి. ఆటోలు లేవు, అంబులెన్సులు చాలడం లేదు. కారు తీసుకుని వెంటనే రా.’

జెట్టీ దారిలో ఆమె ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. త్రినాథ్ ఒక రేకు చూరు కింద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతికి చుట్టుకున్న చొక్కా ఎర్రగా తడిసి ఉంది. ముఖం పాలిపోయింది. తోటివాళ్లు పట్టుకుని కారెక్కించారు.

“ఎప్పుడు పంపాను హిమజా!” అన్నాడు సీటుకి తల వాల్చి. గొంతులో కోపం కూడా లేదు, ఓపిక లేక. “చూడలేదా?”

వైపర్లు అద్దం మీద అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. హిమజ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

“ఇప్పుడే అందింది,” అంది.

త్రినాథ్ కళ్లు మూసుకునే అడిగాడు. “మళ్లీ మొదలెట్టిందా ఆ యంత్రం?”

“అవును,” అంది హిమజ. “రేపు దాని సంగతి చూస్తాను.”